పాటు గంపలు, పోటు గంపలు

తెనాలి రీడింగు రూములో ఒక పెద్దమనిషి మొన్నామధ్య పత్రిక పైకి చదివి వినిపించాడు. మన తీరం రొయ్యలు ఐసులో పడుకుని మద్రాసు వెళ్ళి, అక్కడ గడ్డకట్టి, ఓడెక్కి దొరల పళ్ళేల్లోకి పోతున్నాయట. ఆ వ్యాసంలో ఇంజనీర్లున్నారు, అధికారులున్నారు, ఓడ బొమ్మ ఉంది. రొయ్యను ఒలిచిన ఆడదాని ఊసు మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు.

"ఆ సరుకు పంపేవాళ్ళలో నెల్లూరు పక్క ఒకావిడ ఉంది. రెండు కంపెనీలు నడుపుతోంది" అన్నాను.

"ఆవిడ వెనకాల మొగుడో మరిదో ఉంటాడు లెండి" అన్నాడాయన. మిగతావాళ్ళు నవ్వారు.

నేను బడికి పోలేదు. రైసు మిల్లులో బస్తాల మీద అచ్చు కొట్టే అక్షరాలు చూసి చదువు పట్టుకున్నవాణ్ణి. ఆ నవ్వుకి అర్థం తెలుసుకోవడానికి బడి అక్కర్లేదు. ఆ నెల్లూరావిడ చెంగమ్మను నేను ఎరుగుదును. చాలా ఏళ్ళ కిందట మా సంతకి రైలు దిగి ఎండు రొయ్యల గంపతో వచ్చేది. అప్పటికే మొగుడు పోయాడు. అందరి ఎండు రొయ్యల్లోనూ ఇసక ఉండేది, ఆమె గంపలో ఉండేది కాదు. అందరూ ఇసక మీద ఆరబోస్తే ఆమె వెదురు దడుల మీద తాటాకు చాపలు పరిచి ఎండబెట్టేది. మా ఊరి షావుకారొకడు గంపలో చెయ్యి పెట్టి, "ఇసక లేకపోతే తూకం ఎక్కణ్ణించి వస్తుందే పిచ్చిదానా?" అన్నాడు. "ఇసక కావాలంటే మా ఊరికి రా సామీ, ఊరికే ఇస్తా. రొయ్యలైతే కొనుక్కో" అంది ఆమె. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాడే నెల్లూరు రైలెక్కాను. ఇంట్లో అడిగితే చూసొస్తానన్నాను. ఏం చూస్తావని అడగలేదు. నా కోపం ఇంట్లోవాళ్ళకు అలవాటే.

నెల్లూరు

స్టేషను దగ్గర హోటల్లో భోజనం చేశాను. మొలగొలుకుల అన్నం మల్లెమొగ్గల్లా ఉంది. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేశారు. మా వైపు పులుసు చిక్కగా, కారం ముందుకొచ్చి ఉంటుంది. ఇక్కడ పల్చగా, పుల్లగా, మెల్లగా ఎక్కుతుంది. భోజనం ముప్పావలా, పులుసుకు వేరే అణాలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ముక్క రాదు, పులుసు నీళ్ళే వస్తాయి. న్యాయం ఒప్పుకోవాలి కనక రాస్తున్నాను.

తోటపల్లి గూడూరు బస్సులో ఆ సంతోషం కాస్తా పోయింది. చేపలమ్మి తిరిగివెళ్ళే ఆడవాళ్ళు ఖాళీ గంపలతో ఎక్కితే, కండక్టరు గంపకి కూడా టిక్కెట్టు కొట్టి, వెనక్కి పొమ్మన్నాడు. "ఖాళీ గంపకి టిక్కెట్టేమిటయ్యా?" అని అడిగాను. "వాసన ఖాళీ కాలేదుగా తాతా" అన్నాడు. బస్సంతా నవ్వింది, ఆ ఆడవాళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ కండక్టరు మధ్యాహ్నం అన్నంలోకి ఏం నంజుకున్నాడో అతని చేతి వాసనే చెబుతోంది.

కాలవ మీద

తోటపల్లి గూడూరు దాటి ఒంటెద్దు బండి మీద కాలవ ఒడ్డుకి చేరాను. చెంగమ్మ పల్లెకి ఐసు తీసుకెళ్ళే పడవ అక్కడ కట్టి ఉంది. ఐసు దిమ్మల మీద వరి ఊక కప్పి, దాని మీద తడి గోనెలు పరిచారు. పడవలో ఐసు బాధ్యత మస్తాన్‌ది. నెల్లూరులో రేకు పనివాడు. చెంగమ్మకు రేకు పెట్టెలు చేసిపెట్టి, ఆ పెట్టెలు కారకుండా చూసుకోవడానికి వాటి వెంటే తిరుగుతున్నాడు.

అలిసిపోయి మెత్తగా కనిపించిన గోనెల మీద కూలబడ్డాను. కాసేపటికి పంచె తడిసి, వెన్నులోకి చలి పాకింది.

"ఏంది తాతా, ఐసు మీద పొదుగుతా ఉండావు? ఎన్ని పిల్లలు లేస్తాయంటావు?" అన్నాడు మస్తాన్.

మా కృష్ణా కాలవలో నీళ్ళు తియ్యన, ఎప్పుడూ ఒకే దిక్కుకి పోతాయి. ఈ కాలవ ఉప్పన, దానికి ఒక దిక్కంటూ లేదు. సముద్రం పొంగి లోపలికి తోసే వేళని పోటు అంటారు, నీళ్ళు వెనక్కి తీసే వేళని పాటు అంటారు. పడవ పాటు కోసం ఆగుతుంది, పాటుతో సాగుతుంది. ఆ ఆగిన వేళల్లో మస్తాన్ చెంగమ్మ కథ చెప్పాడు. ఎండు రొయ్యల కంపెనీ మొదటిది. ఇసక లేని రొయ్యలకు కాగితం పొట్లాలు కట్టి అటు ఒంగోలుకీ, ఇటు మద్రాసు షావుకారుకీ పంపింది. పచ్చి రొయ్యలు ఐసులో పంపేది రెండోది, కొత్తది. మద్రాసులో ఓడలకి ఎక్కించే ఒక పెద్ద కంపెనీ వారం వారం సరుకు తీసుకుంటామంది. మొదటి సరుకు రేపు పొద్దున నాయుడుపేటలో అందాలి. అక్కడ వాళ్ళ లారీ మధ్యాహ్నం దాకానే ఉంటుంది. అందకపోతే ఆ ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

"ఎవరికి?"

"కాచుకోని ఉండారు శానామంది. ఆడదాని చేతిలో ఆర్డరంటే కూడు దిగడంలా కొందరికి" అన్నాడు మస్తాన్. అని, గోనె పైకెత్తి చూశాడు. దిమ్మ అంచులు గుండ్రంగా అయిపోతున్నాయి.

పల్లె

పల్లె పేరు రాయవద్దని పెద్దలు కోరారు, రాయను. సరుగుడు తోపు వెనక చెంగమ్మ షెడ్డు. తాటాకు కప్పు, సిమెంటు గచ్చు. గుమ్మం మీద రేకు పలక, దాని మీద ఆమె పేరు, పక్కన 'అండ్ కో'. మస్తానే రాశాడట. అక్షరాలు వంకరగా ఉన్నా తప్పులు లేవు.

మేము ఐసు దింపుతుండగా ఒడ్డు వైపు నుంచి ఏడుపు వినిపించింది. చెంగమ్మ షెడ్డులోంచి బయటికి వచ్చింది. జుట్టు నెరిసింది, నడుము లావెక్కింది, చూపు మాత్రం అదే.

"తెనాలి పెద్దాయనవి గదా! మంచి యేళకి వచ్చినావయ్యా" అంది. ఆ మాటలో మంచి ఏమీ లేదు.

జరిగింది ఇది. పోలయ్య అనే అతను తెల్లవారుజామున తెప్ప మీద సముద్రంలోకి పోయాడు. తెప్ప తలకిందులై ఒడ్డుకొచ్చింది, మనిషి రాలేదు. అతని భార్య రమణమ్మ చెంగమ్మ షెడ్డులో ఒలిచేవాళ్ళకి పెద్ద. ఊళ్ళో దురాయి పెట్టారు. దురాయి అంటే ఊరి కట్టుబాటు, దాన్ని దాటినవాళ్ళకి నిప్పు కూడా పుట్టదు. సముద్రం మనిషిని తీసుకుంటే మూడు రోజుల దాకా వల తడవకూడదు, సముద్రపు సొత్తు ఊరు దాటకూడదు.

షెడ్డులో ఆ పొద్దున ఒలిచిన రొయ్యలు గంపలకొద్దీ ఉన్నాయి. మేము తెచ్చిన ఐసు వాటికోసమే.

"ఈ సరుకు ఆగితే ఆర్డరు పాయె" అంది చెంగమ్మ. "కట్టుబాటు దాటితే రేపట్నించి నా గడప ఎవురూ తొక్కరు. ఆర్డరు లేకుండా ఒలిచేవాళ్ళుండొచ్చు. ఒలిచేవాళ్ళు లేకుండా ఆర్డరు ఏం జేసుకునేది?"

"పెద్దలతో నువ్వే మాట్లాడు" అన్నాను.

"మాట్లాడతా. నువ్వు రావాల."

నేనెందుకో అప్పుడు తెలిసింది. దురాయిలో ఆడవాళ్ళు పెద్దలతో ముఖాముఖి మాట్లాడకూడదు. పరాయి ఊరి మగవాణ్ణి ఎవరినైనా మధ్యలో కూర్చోబెట్టి, అతనికి చెబుతున్నట్టు చెప్పాలి. పెద్దలూ అతనికే జవాబు చెబుతారు. నాకు ఒళ్ళు మండింది. రెండు కంపెనీలు నడిపే మనిషికి నా చెవి అద్దెకు కావాలా?

"తాతా, నువ్వు పెద్దల మధ్యన గోడవి. గోడ నోరు తెరవదు" అన్నాడు మస్తాన్ నా ముఖం చూసి.

గోడగా కూర్చున్నాను

వలల పాకలో పెద్దలు గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో నేను. పాక బయట ఆడవాళ్ళు నుంచున్నారు, వాళ్ళ ముందు చెంగమ్మ, తల మీద కొంగు కప్పుకుని. ఊరి పెద్దని పెద్దకాపు అంటారు. ఎండిన చేపలా సన్నగా ఉన్నాడు, గొంతు మాత్రం నిండుగా ఉంది.

"అయ్యా, ఇను" అన్నాడు నాతో. "పోలయ్య తెప్ప వచ్చినాది, పోలయ్య రాలా. మా తాతల నాటి మాట ఒకటుండాది. మూడు దినాలు సముద్రం సొత్తు ఊరు దాటదు. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలీనిదా?"

వెనక నుంచి చెంగమ్మ గొంతు వచ్చింది. "పెద్దాయనా, మీరే వినండి. నా గంపల్లో ఉండేది సముద్రం రొయ్య గాదు. ఏరు సముద్రంలో కలిసే కాడ, ఏటి మొగలో కట్టిన వలల్లో పడింది. ఏరు ఏరే, సముద్రం సముద్రమే."

ఇంకో పెద్ద నా వైపు వంగాడు. "అయ్యా, ఏటి మొగలో నీళ్ళు ఎవురివి? పోటొచ్చినప్పుడు సముద్రమే గదా లోపలికొచ్చేది? ఆ నీళ్ళే పోలయ్యని ఎత్తుకపోయినాయి."

"పోటు మాట ఒప్పుకుంటా పెద్దాయనా" అంది చెంగమ్మ వెంటనే. "మరి పాటు మాటేంది? పాటులో దిగేది మన ఏటి నీళ్ళు. పైనుంచి, మన పొలాల్లోంచి వచ్చే నీళ్ళు. ఆ నీళ్ళకి పోలయ్య ఎవురో తెలీదు."

షెడ్డు వైపు నుంచి ఐసు దిమ్మ ఒకటి పగిలిన చప్పుడు వచ్చింది. నా నాలుక కింద మాటలు కుతకుతమన్నాయి. పన్నెండు మంది మగవాళ్ళు ఒక ముసలాడి ముఖంలోకి చూస్తూ, వాడి వీపు వెనకున్న ఆడదానితో మాట్లాడడం ఏం మర్యాదయ్యా అని అడగాలనుంది. మస్తాన్ వెనక నుంచి నా భుజం నొక్కాడు.

పెద్దకాపు ఇసకలో వేలితో గీత గీశాడు. "అయ్యా, చెప్పు ఆమెకి. పాటులో పడింది ఏటిది, అది పోవచ్చు. పోటులో పడింది సముద్రానిది. దాన్ని మూడోనాడు పొద్దుగూకే లోపల సముద్రానికే తిరిగియ్యాల. యేది యేదో మోసిన ఆడోళ్ళే చెప్పాల. అనుమానముంటే అది ఈ ఊరు దాటగూడదు."

"వినపడింది" అంది చెంగమ్మ. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత చూసిందే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. మోసిన ఆడవాళ్ళు వరసగా వచ్చి, ఎవరి గంప వాళ్ళు ముట్టుకుని చెప్పారు. పాటు. పాటు. పోటు. ఒక్క గంప అటు పడితే చెంగమ్మ ఆర్డరు అంత తరిగిపోతుంది. అది వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ కూలీ కూడా అందులోనే ఉంది. అయినా ఒక్కతీ తడుముకోలేదు. చివర్లో ఒక వయసుపిల్ల తన గంప దగ్గర ఆగిపోయింది.

"అక్కా, ఇది నేను మోసిందే. నేను ఎత్తినప్పుడు మొగలో నీళ్ళు నిలబడి ఉండినాయి. అటూ గాదు, ఇటూ గాదు."

పెద్దకాపు గడ్డం గోక్కున్నాడు. ఆయన ఏదైనా అనేలోపలే చెంగమ్మ ఆ గంపని తన చేత్తో పోటు వైపుకి నెట్టింది.

సరుకు సగానికి దిగింది. మిగిలిన గంపల మీద ఐసు పోసి, రెండెడ్ల బండికెత్తి ఆ రాత్రే బయలుదేరాం. పోటు గంపలు షెడ్డులో ఒక మూల తడి గోనె కింద ఉండిపోయాయి. వాటిని చూసుకోమని చెంగమ్మ తన మరిది వెంకటేశుకి అప్పగించింది.

నాయుడుపేట

తెల్లారేసరికి నాయుడుపేట చేరాం. అప్పటికే సంత కిటకిటలాడుతోంది. కాకరకాయలు, వేరుశనక్కాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. పెసరట్టు ఒకటి తిన్నాను, అల్లం ఎక్కువ, ధర తక్కువ. చెంగమ్మ ఏమీ తినలేదు.

మద్రాసు కంపెనీ ఏజెంటు టెరిలీన్ చొక్కా, కళ్ళద్దాలతో లారీ పక్కన సిగరెట్టు కాలుస్తున్నాడు. బండిలోకి తొంగిచూసి, "సగమే ఉందేమిటి? మీ ఓనర్ ఎక్కడ?" అని నన్ను అడిగాడు.

ఈసారి నేను గోడని కాను. "ఓనరు నీ ముందు నుంచుని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకో" అన్నాను.

చెంగమ్మ జరిగింది చెప్పింది. ఏజెంటు నవ్వాడు. "పాటేంది, పోటేంది? అమెరికా వాడు రొయ్యను కోసి, నువ్వు పాటులో వచ్చావా పోటులో వచ్చావా అని అడుగుతాడా? ఫుల్ లోడు అయితేనే ఆర్డరు. లేకపోతే లేదు."

సరిగ్గా అప్పుడే రెండో బండి వచ్చి మా వెనక ఆగింది. వెంకటేశు కిందికి దూకాడు. బండిలో తడి గోనె, దాని కింద పోటు గంపలు. సముద్రానికి పోవలసినవన్నీ నాయుడుపేటకి వచ్చాయి.

"వదినా, తోపు ఎనక దారిలో తోలుకొచ్చినా. ఎవురూ చూళ్ళా" అన్నాడు గొంతు తగ్గించి. "నీ ఆర్డరు నిలబడతాది. ఎవురికి తెలుస్తాది చెప్పు?"

ఏజెంటు గోనె ఎత్తి చూసి, మొహం విప్పారి, "అదిగో! ఇప్పుడు ఫుల్ లోడు" అన్నాడు. లారీ కుర్రాళ్ళని పిలిచాడు.

చెంగమ్మ కదల్లేదు. సరిగ్గా ఆమెకి కావలసినంత సరుకు అక్కడ ఉంది. సరుకులో లోపం లేదు. తీసుకుంటే మద్రాసులో ఎవరూ తప్పు పట్టరు.

"గోనె కప్పు" అంది వెంకటేశుతో.

"వదినా..."

"కప్పమన్నా. అవి నావి గావు. నువ్వు దొంగతనం చేసినావు. ఎవురి దగ్గరో తెలుసునా? రమణమ్మ మొగుడి దగ్గర."

వెంకటేశు గోనె కప్పాడు. ఏజెంటు సిగరెట్టు పారేశాడు. "చూడమ్మా, అది లేకపోతే ఇది కూడా నాకు అక్కర్లేదు. మీలాంటివాళ్ళతో వ్యాపారం కష్టం. వస్తాను."

వెళ్తాడనుకున్నాను. చెంగమ్మ అతని మొహం వైపు చూడలేదు, లారీ కిందికి చూసింది. లారీ అడుగు నుంచి నీళ్ళు ధారగా కారి మట్టిలో గుంట కట్టాయి.

"పో సామీ. నీ ఐసు కరిగిపోతా ఉండాది. వట్టి లారీ మద్రాసుకి తోలుకపోయి ఏం జెప్తావు మీ దొరకి? చెంగమ్మ సగం ఇస్తానన్నా నేనే వద్దన్నానని చెప్తావా?" అని మస్తాన్ వైపు తిరిగింది. "మస్తానూ, బండి స్టేషనుకి తిప్పు. మన ఎండు రొయ్యల షావుకారు మద్రాసులోనే ఉండాడు. పచ్చివి గూడా అమ్మిపెడతాడు."

మస్తాన్ నిజంగానే ఎద్దుల్ని తిప్పాడు. బండి నాలుగు బారలు పోయింది. వ్యాపారం చేసేవాళ్ళ మొహాలు మిల్లులో ఎన్నో చూశాను. కొనేవాడు వద్దంటున్నాడో, తక్కువకి కావాలంటున్నాడో వాడి కాళ్ళలో తెలుస్తుంది. ఏజెంటు కాళ్ళు బండి వెంట నడిచాయి.

"ఈసారికి సగం తీసుకుంటా" అన్నాడు. "వచ్చే వారం ఫుల్ కావాలి."

"వచ్చే వారం ఫుల్ ఇస్తా. అప్పటికి దురాయి తీరిపోతాది, పాటువీ పోటువీ రెండూ పంపుతా. లారీ మాత్రం మా ఊరి కాడికే రావాల. నేను ఇంత దూరం ఎడ్ల బండిలో తోలలేను."

"అది నా చేతిలో లేదు. అడగాలి."

"అడుగు. నేను ఎవురినీ అడగబన్లేదు గాబట్టి ఇప్పుడే చెప్తా ఉండా."

లారీలోకి పాటు గంపలెక్కాయి. లారీ వస్తుందో రాదో అతను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆర్డరు ఇంకా దారంతోనే వేలాడుతోంది, తెగలేదంతే.

మళ్ళీ ఒడ్డుకి

నేను నాయుడుపేటలోనే రైలెక్కవలసింది. ఎక్కలేదు. చూడడానికి బయలుదేరినవాణ్ణి, చివరిదాకా చూడకుండా ఎలా పోతాను?

రాత్రంతా నడిచిన ఎద్దులకి ఆ పగలు విశ్రాంతి ఇచ్చి తిరుగుదారి పట్టాం. పోటు గంపలు మర్నాటికి కంపు కొట్టాయి. బండి తోలేవాడు ముక్కుకి తువాలు కట్టుకున్నాడు. దారిలో ఒక ఊరి పిల్లలు మా వెనక పరిగెత్తి రాళ్ళు రువ్వారు. వెంకటేశుని చెంగమ్మ ఆ గంపల మధ్యే కూర్చోబెట్టింది. "వదినా, దిగి నడుస్తా" అంటే, "తెచ్చినప్పుడు నడిచినావా?" అంది.

మూడోనాటి సాయంకాలం పల్లె చేరాం. షెడ్డులో గంపలు లేవన్న సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒడ్డున నుంచుని ఉన్నారు. బండి చూసి ఎవరూ ఎదురు రాలేదు. పెద్దకాపు మాత్రం నా దగ్గరికి వచ్చాడు. "అయ్యా, ఆమె ఏమంటాది?" అన్నాడు.

చెంగమ్మ నా పక్కనే ఉంది. నా వైపు తిరిగింది. ఊరి ముందు, మరిది ముందు, వినపడేలా చెప్పింది. "పెద్దాయనా, మీరే వినండి. నా మరిది తీసకపొయ్యినాడు. నేను అమ్మలా. అన్నీ తెచ్చినా. కావాలంటే ఆడోళ్ళు తమ గంపలు తామే చూసుకోవచ్చు."

నెట్టిన గంప మోసిన ఆ వయసుపిల్ల ముందుకొచ్చి తన గంపని చేత్తో తట్టి చూసింది. తల ఊపింది.

అప్పుడు వెంకటేశు ఒక్కొక్క గంపా భుజానికెత్తి, నడుము లోతు నీళ్ళలోకి దిగి కుమ్మరించాడు. కాకులు, కొంగలు మూగాయి. నేను కోపంగానే ఉన్నాను, దాచుకోను. తిండి అలా నీళ్ళ పాలవడం నాకు ఇష్టం లేదు. ఆమె మాట వినడానికి నేనెందుకు మధ్యలో కూర్చోవాలో నాకు ఈ రోజుకీ ఒప్పుదల కాలేదు. ఆ సంగతి అక్కడా అన్నాను, ఇక్కడా రాస్తున్నాను. మా రీడింగు రూములో నవ్వినవాళ్ళు కూడా చదువుతారు, చదవనీ.

చివరి గంప ఒలికాక రమణమ్మ గుడిసెలోంచి వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు, తనే నడిచి వచ్చింది. పోలయ్య దొరకలేదు. ఇక దొరకడని మూడో పొద్దు గూకగానే ఊరు ఒప్పుకుంటుంది, వలలు మళ్ళీ దిగుతాయి. ఆమె అలల మీద తేలుతున్న రొయ్యల వైపు చూసింది, వాటిని దాటి ఇంకా దూరం చూసింది. పొద్దు సరుగుడు తోపు వెనక దిగిపోయింది.

ఆ తర్వాత రమణమ్మ చెంగమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది.

"అక్కా, రేపు షెడ్డు తీస్తావా?"

"నువ్వు ఇంట్లో ఉండు రమణమ్మా. నీ కూలి నీకొస్తాది."

"కూలి మాట అడగలా. తీస్తావా?"

"తీస్తా."

"అట్టయితే వస్తా" అంది రమణమ్మ. ఒలిచేవాళ్ళందరూ ఆమె వెనకే ఉన్నారు. వాళ్ళతో, "తెల్లారే పాటుకి మొగ కాడికి రండి" అంది.